గ్యాస్ అమ్మేవాడికీ దారిచ్చేవాడికీ ఎందుకు పడదు?

మీ ప్రశ్న ఇదీ: రష్యా గ్యాస్ ఉక్రెయిన్ మీదుగా యూరప్‌కి వెళ్లేది, రష్యాకి అమ్మకం డబ్బు, ఉక్రెయిన్‌కి దారి కిరాయి, ఇద్దరికీ లాభమే కదా, మరి 2006లో, 2009లో, 2014లో అంత గొడవ ఎందుకైంది, ధర దగ్గర ఒక మాట మీదకి ఎందుకు రాలేకపోయారు, అసలు తప్పెవరిది అని. గ్యాస్ కొనుగోలు కాంట్రాక్టుల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. పేపర్లో వచ్చిన ధర ఒక్కటి చూసి ఎవరిది న్యాయమో తేల్చలేరండి. ఆ ధరకి ఇంకా ఏమేం ముడిపెట్టారు, బేరం చెడితే ఎవరికి వేరే దారి ఉంది, ఈ రెండూ చూస్తే తప్ప ఆ గొడవలు అర్థం కావు.

మొదట భూగోళం సంగతి. చమురైతే ఓడలో ఎక్కించి ఎవరికైనా అమ్ముకోవచ్చు. పైపులో వెళ్లే గ్యాస్‌కి ఆ వెసులుబాటు లేదు, పైపు ఎక్కడికి పోతే అక్కడికే. సైబీరియాలోని ఉరెంగోయ్ నుంచి ఉక్రెయిన్ పశ్చిమ కొసన ఉన్న ఉజ్‌హొరోద్ దాకా 1980ల్లో పెద్ద లైను వేసినప్పుడు అదంతా ఒకే దేశం, మధ్యలో సరిహద్దు అన్న ఆలోచనే లేదు. 1991లో సోవియట్ యూనియన్ పోయేసరికి బావులు ఒకరికి, పైపులు ఇంకొకరికి వచ్చాయి. పైపులతో పాటు ఉక్రెయిన్‌కి ఇంకో ఆస్తి కూడా దక్కింది, భూగర్భ స్టోరేజీలు. దాదాపు 31 బీసీఎం సామర్థ్యం (బీసీఎం అంటే వంద కోట్ల ఘనపు మీటర్లు, ఈ రంగంలో అందరం ఇలాగే లెక్కపెడతాం). వాటిలో ఎక్కువ భాగం దేశానికి పశ్చిమాన ఉన్నాయి. ఆ విషయం గుర్తుపెట్టుకోండి, 2009 సంగతి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

2005 దాకా నడిచిన ఏర్పాటు ఏంటంటే, ఉక్రెయిన్‌కి రష్యా గ్యాస్ వెయ్యి ఘనపు మీటర్లకి 50 డాలర్లు. అందుకు బదులు రష్యా గ్యాస్‌ని యూరప్‌కి మోసినందుకు ఉక్రెయిన్ తీసుకునే కిరాయి వెయ్యి ఘనపు మీటర్లకి, వంద కిలోమీటర్లకి 1.09 డాలర్లు. రెండూ మార్కెట్ రేట్లు కావు. ఒకరి చౌక గ్యాస్‌కి ఇంకొకరి చౌక దారి చెల్లు. డబ్బు చేతులు మారింది కూడా తక్కువే, చాలా భాగం గ్యాస్ రూపంలోనే చెల్లించుకునేవారు. 90ల నుంచీ ఉక్రెయిన్ బాకీలు పడటం, రష్యా సరఫరా ఆపుతానని బెదిరించడం, మళ్లీ ఏదో సర్దుబాటు చేసుకోవడం మామూలైపోయింది. 1997లో నల్లసముద్ర నౌకాదళం ఒప్పందంలో, క్రిమియాలోని సెవస్తోపోల్ రేవుని వాడుకున్నందుకు రష్యా ఇవ్వాల్సిన అద్దెని ఉక్రెయిన్ గ్యాస్ బాకీల కింద జమ వేసుకున్నారు. గ్యాస్ లెక్కలోకి యుద్ధనౌకలు వచ్చాయంటే ఆ ధర ఎంత కలగాపులగమో మీకే తెలుస్తుంది.

2005 చివర్లో రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ అదే వెయ్యి ఘనపు మీటర్లకి ముందు 160 డాలర్లు అడిగింది, తర్వాత 230 అంది. దీనికి వాళ్ల వాదన నెట్‌బ్యాక్. జర్మనీ సరిహద్దులో వచ్చే ధరలోంచి అక్కడిదాకా రవాణా ఖర్చు తీసేస్తే మిగిలేదే నీకూ ధర, నీకు తక్కువకి ఇచ్చి నేనెందుకు నష్టపోవాలి అన్నది సారాంశం. వ్యాపారంగా చూస్తే ఆ వాదనలో తప్పేం లేదు, అమ్మేవాడికి ఆ హక్కుంది. కానీ అదే సమయంలో బెలారుస్‌కి 46.68 డాలర్లకే ఇస్తున్నారు. పక్కపక్క దేశాలు, దూరాలు కూడా పెద్ద తేడా లేవు, ఒకరికి 47, ఇంకొకరికి 230. ఉక్రెయిన్‌లో ఆరెంజ్ విప్లవం అనే జనోద్యమం వచ్చి ప్రభుత్వం మారింది, బెలారుస్‌లో మారలేదు. మార్కెట్ సూత్రం ఒక పొరుగువాడికి వర్తించి ఇంకొకడికి వర్తించకపోతే దాన్ని ధర అనలేం. ఏడాది తిరిగేసరికి బెలారుస్‌ని కూడా 100కి తెచ్చారు, అదే బేరంలో వాళ్ల పైప్‌లైన్ కంపెనీ బెల్‌ట్రాన్స్‌గాజ్‌లో సగం వాటా 250 కోట్ల డాలర్లకి గాజ్‌ప్రోమ్ చేతికి వచ్చేలా రాసుకున్నారు, మిగతా సగం 2011లో ఇంకో 250 కోట్లకి. అక్కడ ధర తగ్గింపుకి అసలు ఖరీదు ఆ పైపే.

ఇక ఉక్రెయిన్ వైపు లెక్క చూడండి, ఇక్కడే పీటముడి. ధర 50 నుంచి 230కి పెరిగితే, ఏటా 50 బీసీఎం కొనేవాడికి అదనపు భారం 900 కోట్ల డాలర్లు. పోనీ నువ్వూ కిరాయి పెంచుకో అంటే, 1.09 నుంచి 1.60కి పెంచుకున్నా, దేశం ఆ కొస నుంచి ఈ కొసకి పదకొండు పన్నెండు వందల కిలోమీటర్లు, యూరప్‌కి వెళ్లేది 110 బీసీఎం పైన, అంతా కలిపి అదనంగా వచ్చేది 60, 65 కోట్ల డాలర్లు. రెండు రేట్లూ ఒకేసారి మార్కెట్‌కి తెద్దాం అనడం పైకి సమన్యాయంలా ఉంటుంది గానీ ఒకరికి వందల కోట్లు పోతాయి, పదుల కోట్లు తిరిగొస్తాయి. అందుకని దారిచ్చేవాడు ఎప్పుడూ ఆ రెండు లెక్కలూ కలిపే మాట్లాడతాడు, అమ్మేవాడు విడదీస్తాడు. తనకి అవసరమైన రోజున మళ్లీ ఆయనే కలుపుతాడు.

2006 జనవరి 1న సరఫరా తగ్గించారు, 4వ తేదీకల్లా రాజీ అయింది. గాజ్‌ప్రోమ్ తన గ్యాస్‌ని 230కే అమ్మింది, కాకపోతే ఉక్రెయిన్‌కి కాదు, రోస్‌ఉక్ర్‌ఎనర్గో అనే మధ్యవర్తి కంపెనీకి. వాళ్లు దాన్ని చౌకగా వచ్చే మధ్య ఆసియా గ్యాస్‌లో కలిపి ఉక్రెయిన్‌కి 95కి ఇచ్చారు. నేను గెలిచానని ఇద్దరూ చెప్పుకున్నారు. నాకు మాత్రం ఈ మొత్తం చరిత్రలో బాగా కోపం తెప్పించేది ఈ ఘట్టమే. రెండు ప్రభుత్వ కంపెనీలు నేరుగా రాసుకోవాల్సిన ధరని మధ్యలో ఇంకొకరి పుస్తకంలోకి తోసేసి, ఆ గొడవ మూడేళ్లు పండటానికి వదిలేశారు. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది తేల్చలేని స్థితి అప్పుడే మొదలైంది.

ఇప్పుడు 2009. దీనిమీద కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ తగాదాల స్వభావం ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. 2008 డిసెంబరు చివర్లో పాత బాకీ 150 కోట్ల డాలర్లు ఉక్రెయిన్ కట్టింది, కానీ అది మధ్యవర్తి కంపెనీ ఖాతాకి, గాజ్‌ప్రోమ్ నాకు అందలేదు అంది, పైగా ఆలస్యానికి జరిమానాల కింద ఇంకో 60 కోట్ల దాకా రావాలంది. కొత్త ఏడాది ధర దగ్గర గాజ్‌ప్రోమ్ 250 అడిగితే ఉక్రెయిన్ 201తో మొదలుపెట్టి 235 దాకా వచ్చింది. చూడండి, తేడా 15 డాలర్లు. ఆ ఏడాది కొనాల్సిన 40 బీసీఎంకి లెక్కేస్తే 60 కోట్ల డాలర్లు. ఇద్దరికీ ఇది భరించలేని మొత్తం కాదు. అయినా ఎవరూ మెట్టు దిగలేదు. బేరం చెడగానే గాజ్‌ప్రోమ్ 250ని వెనక్కి తీసుకుని 418 అంది, తర్వాత 450 అంది. జనవరి 1న ఉక్రెయిన్ వాడకానికి ఇచ్చే గ్యాస్ ఆపింది, యూరప్‌కి వెళ్లేది మాత్రం పంపుతూనే ఉన్నానంది.

ఇక్కడ పైపులోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఉక్రెయిన్ మీదుగా గ్యాస్ తనంతట తాను పారదు, మధ్యమధ్యలో కంప్రెసర్ స్టేషన్లు ఒత్తిడి పెంచి ముందుకి నెడుతుంటాయి. ఆ కంప్రెసర్లు నడిచేది చాలావరకు గ్యాస్‌తోనే. దీన్ని టెక్నికల్ గ్యాస్ అంటారు, అన్ని స్టేషన్లూ కలిపితే చిన్న మొత్తం కాదు. ఇది ఎవరు ఇవ్వాలి? రవాణా చేసేవాడే తన ఖర్చుతో తెచ్చుకోవాలి, కిరాయిలో అది కలిసే ఉంది అని రష్యా. నాకు గ్యాసే ఆపేశావు, నీ సరుకు మోయడానికి ఇంధనం నువ్వే ఇవ్వు అని ఉక్రెయిన్. చివరికి ఉక్రెయిన్ ఆ గ్యాస్‌ని వెళ్తున్న సరుకులోంచే వాడుకుంది. రష్యా దాన్ని దొంగతనం అంది. కాంట్రాక్టులో టెక్నికల్ గ్యాస్ క్లాజు గట్టిగా రాసి ఉంటే ఈ మాటే వచ్చేది కాదు. అప్పట్నుంచి ఏ రవాణా ఒప్పందం చేతికొచ్చినా నేను మొదట వెతికేది ఈ క్లాజునే.

జనవరి 7న యూరప్‌కి వెళ్లేది కూడా పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు ఉక్రెయిన్ ఇంజినీర్లు చేసిన పని మెచ్చుకోవాలి. మామూలుగా తూర్పు నుంచి పడమరకి పారే వ్యవస్థని వెనక్కి తిప్పి, పశ్చిమాన స్టోరేజీల్లో ఉన్న గ్యాస్‌ని తూర్పున ఉన్న దొనెత్స్క్, లుహాన్స్క్ లాంటి పారిశ్రామిక ప్రాంతాలకి పంపారు. నిండు చలికాలంలో దేశం గడ్డకట్టకుండా అలా నెట్టుకొచ్చారు. యూరోపియన్ యూనియన్ పరిశీలకులు వచ్చాక 13వ తేదీన గాజ్‌ప్రోమ్ సుద్జా అనే ఒక్క ప్రవేశ స్థానం దగ్గర, బాల్కన్ దేశాలకి వెళ్లే లైనులోకి గ్యాస్ పంపుతాను, తీసుకో అంది. ఆ లైను అప్పుడు వెనక్కి పారుతోంది, దాన్ని తీసుకోవాలంటే నా తూర్పు ప్రాంతాలకి గ్యాస్ ఆపాలి, కుదరదు అంది ఉక్రెయిన్. చూశారా, నేను పంపాను వాళ్లే తీసుకోలేదు అంది రష్యా. టీవీలో చూసేవాడికి ఇద్దరి మాటా నిజంలాగే ఉంటుంది.

దెబ్బ తిన్నది ఎవరు? బిల్లులు సరిగ్గా కట్టిన బల్గేరియా, స్లొవేకియా, సెర్బియా, బోస్నియా. అప్పట్లో బల్గేరియాకి గ్యాస్ వచ్చే దారి దాదాపు అదొక్కటే. స్లొవేకియా అయితే బొహునిత్సెలో యూరోపియన్ యూనియన్ షరతు ప్రకారం వారం కిందటే మూసేసిన అణు రియాక్టర్‌ని మళ్లీ తెరుస్తామని ప్రకటించాల్సి వచ్చింది. పడమటి దేశాల్లో గ్యాస్ ఉన్నా తూర్పుకి పంపడం కష్టమైంది, పైపులు, కంప్రెసర్లు ఒకే దిక్కుకి పారేలా కట్టినవి. దీని తర్వాతే, 2010లో, సరిహద్దు లైన్లు రెండు వైపులా పారేలా ఉండాలని యూరోపియన్ యూనియన్ నిబంధన తెచ్చింది. తర్వాత ఉక్రెయిన్‌ని నిలబెట్టింది ఇదే.

జనవరి 19న మాస్కోలో అప్పటి ప్రధానులు, రష్యా నుంచి పుతిన్, ఉక్రెయిన్ నుంచి తిమొషెంకో సమక్షంలో పదేళ్ల ఒప్పందాలు రాసుకున్నారు, 20న గ్యాస్ వచ్చింది. మూల ధర 450 డాలర్లు, దాన్ని డీజిల్ తరహా గ్యాసాయిల్‌, ఫ్యూయల్ ఆయిల్ ధరల తొమ్మిది నెలల సగటుకి కట్టారు, మూడు నెలలకోసారి మారుతుంది, 2009కి మాత్రం 20 శాతం తగ్గింపు. మొదటి మూడు నెలలకి 360 పడింది. చమురు అప్పటికే కుప్పకూలి ఉంది కాబట్టి సూత్రం ప్రకారం అదే ఏడాది మూడో త్రైమాసికానికి 200 దగ్గరికి దిగిపోయింది. అంటే 235, 250 అని కొట్టుకున్న రోజుల్లోనే ఇద్దరూ ఈ సూత్రాన్ని కాగితం మీద లెక్కేసుకుని ఉంటే ఆ ఏడాది సగటు అటూ ఇటుగా అక్కడే ఉండేదని తెలిసేది. కానీ మూల ధర ఎక్కువగా పెట్టడం వల్ల చమురు మళ్లీ లేవగానే అది 400 దాటింది. ఇంకా ప్రమాదం టేక్ ఆర్ పే క్లాజు. ఏటా 52 బీసీఎం, అందులో 80 శాతానికి, అంటే 41.6 బీసీఎంకి, తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాలి. తర్వాతి ఏళ్లలో ఉక్రెయిన్ అంత తీసుకోలేకపోయింది. 2012కి గాను 700 కోట్ల డాలర్ల బిల్లు చేతికొచ్చింది, వాడని గ్యాస్‌కి. ధర మీద గంటలు గంటలు కూర్చుని పరిమాణం క్లాజు మీద సంతకం పెట్టేయడం ఈ రంగంలో కొనేవాళ్లు చేసే అతిపెద్ద తప్పు. పెద్ద పెద్ద కంపెనీలూ చేస్తాయి.

ఆ ధర భారం తగ్గించుకోవడానికి 2010 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ కొత్త అధ్యక్షుడు యానుకోవిచ్ ఖార్కివ్‌లో ఇంకో ఒప్పందం చేసుకున్నాడు. వెయ్యి ఘనపు మీటర్లకి 100 డాలర్ల దాకా తగ్గింపు, బదులుగా సెవస్తోపోల్‌లో రష్యా నౌకాదళం గడువు 2017 నుంచి 2042కి పొడిగింపు. మళ్లీ నౌకలే. 2013 డిసెంబర్లో యానుకోవిచ్‌కి రాజకీయ మద్దతుగా రష్యా వాళ్లు ధర 268.5కి దించారు, ప్రభుత్వం మారి క్రిమియా రష్యా చేతుల్లోకి పోయాక 2014 ఏప్రిల్‌లో 485కి ఎక్కించారు. అదే గ్యాస్, అదే పైపు, నాలుగు నెలల తేడా. జూన్‌లో మళ్లీ కోత.

ఈసారి మాత్రం కథ వేరుగా నడిచింది. స్లొవేకియా వైపు నుంచి రివర్స్ ఫ్లో, అంటే యూరప్ నుంచి ఉక్రెయిన్‌కి వెనక్కి గ్యాస్ పారడం, 2014 సెప్టెంబర్లో మొదలైంది. ఆ గ్యాస్ అణువులు చాలావరకు రష్యావే అయ్యుండొచ్చు, కానీ అమ్మేవాళ్లు యూరప్ కంపెనీలు, ధర యూరప్ హబ్ ధర, అంటే అక్కడి గ్యాస్ మార్కెట్లో పలికే ధర. 2015 నవంబరు నుంచి ఉక్రెయిన్ గాజ్‌ప్రోమ్ దగ్గర నేరుగా కొనడం మానేసింది. ఆ రోజుతో బేరంలో బలాబలాలు మారిపోయాయి, ఎందుకంటే ధర నచ్చకపోతే వద్దు అనగలిగే స్థితి మొదటిసారి వచ్చింది. మిగతాది స్టాక్‌హోమ్‌లో ఆర్బిట్రేషన్, అంటే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తుల విచారణ, తేల్చింది. 2017 డిసెంబరు తీర్పులో 2014 నుంచి ధరని హబ్ ధరకి తెచ్చారు, టేక్ ఆర్ పే బిల్లులు కొట్టేశారు, ముందు కాలానికి పరిమాణాన్ని ఏటా 5 బీసీఎంకి తగ్గించారు. 2018 ఫిబ్రవరి తీర్పులో ఏటా 110 బీసీఎం పంపుతానని రాసిచ్చి పంపనందుకు గాజ్‌ప్రోమ్ 463 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నారు. రెండు తీర్పుల లెక్కలూ కలిపి చెల్లు వేస్తే ఉక్రెయిన్‌కి రావాల్సింది 256 కోట్లు. వడ్డీతో 290 కోట్లు 2019 డిసెంబర్లో గాజ్‌ప్రోమ్ కట్టింది కూడా.

అదే నెలలో రాసుకున్న కొత్త ఒప్పందం చదివితే పాత తప్పులు ఎక్కడెక్కడ దిద్దుకున్నారో కనిపిస్తుంది. అందులో ఉక్రెయిన్‌కి అమ్మకం లేనే లేదు, రవాణా ఒక్కటే. 2020లో 65 బీసీఎం, ఆ తర్వాత నాలుగేళ్లు ఏటా 40, పంపినా పంపకపోయినా కిరాయి కట్టాలి. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, 2022 ఫిబ్రవరి తర్వాత రెండు దేశాలు యుద్ధం చేసుకుంటుంటే కూడా ఆ పైపులో గ్యాస్ పారుతూనే ఉంది. 2022 మేలో సొఖ్రానివ్కా ప్రవేశ స్థానం మూతపడి పరిమాణం తగ్గింది, కానీ సుద్జా నడిచింది. 2024 ఆగస్టులో ఉక్రెయిన్ సైన్యం రష్యా గడ్డ మీదున్న ఆ సుద్జాలోకే వెళ్లినా ఆగలేదు. గడువు తీరిన 2025 జనవరి 1నే ఆగింది, పొడిగించేది లేదని ఉక్రెయిన్ ముందే చెప్పింది. శాంతి ఉన్న రోజుల్లో 15 డాలర్ల దగ్గర తెగిపోయింది, యుద్ధంలో నిలబడింది. అమ్మకాన్నీ దారినీ విడదీసి రాయడం ఎంత పనిచేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకలేదు.

ఇదంతా రష్యా, ఉక్రెయిన్‌లకే పరిమితం అనుకోకండి. అల్జీరియా గ్యాస్ మొరాకో మీదుగా స్పెయిన్‌కి వెళ్లేది, 2021 అక్టోబరు 31న గడువు తీరగానే అల్జీరియా పొడిగించలేదు, తనకి సముద్రం కింద స్పెయిన్‌కి నేరుగా మెడ్‌గాజ్ లైను ఉంది కాబట్టి ధైర్యం చేసింది. మరుసటి ఏడాది అదే పైపులో స్పెయిన్ నుంచి వెనక్కి గ్యాస్ తెచ్చుకోవాల్సి వచ్చింది మొరాకోకి. జార్జియా ఇంకో రకం, రష్యా నుంచి ఆర్మేనియాకి వెళ్లే గ్యాస్‌లో పదో వంతుని కిరాయిగా ఉంచుకునేది, 2017లో దాన్ని డబ్బుకి మార్చారు, దేశంలో పెద్ద గొడవైంది. గ్యాస్ రూపంలో కిరాయి తీసుకుంటే ధర పెరిగినప్పుడు కిరాయి కూడా దానంతటదే పెరుగుతుంది, డబ్బుకి మారితే ఆ రక్షణ పోతుంది, జనం కోపంలో అర్థముంది.

ఇక తప్పెవరిది అని సూటిగా అడిగారు కాబట్టి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. ధర పెంచమనడం రష్యా తప్పు కాదు. బాకీలు సకాలంలో తీర్చకపోవడం, లోపల జనానికి ఏళ్ల తరబడి ఖర్చు కన్నా తక్కువకి గ్యాస్ ఇచ్చి ఆ లోటుని సరఫరాదారు మీదకి తోయడం ఉక్రెయిన్ ప్రభుత్వాల తప్పు, ఒకరిద్దరివి కాదు, వరసగా అందరివీ. కానీ ధరని రాజకీయానికి బహుమతిగా, శిక్షగా వాడటం, ఇద్దరి మధ్య తగాదాకి డబ్బు కట్టిన మూడో దేశం ఇళ్లలో వేడి ఆపేయడం, ఇవి ఎక్కువ బరువున్న తప్పులు. 2009లో కుళాయి పూర్తిగా కట్టేసింది గాజ్‌ప్రోమ్, ఆ బాధ్యత దానిదే. వివాదం తేలేదాకా దారిలో వెళ్లే సరుకు ఆపకూడదని ఎనర్జీ చార్టర్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో క్లాజు ఉంది. రష్యా దాని మీద సంతకం పెట్టింది గానీ ఎప్పుడూ ఆమోదించలేదు, ఆమోదించేదాకా తాత్కాలికంగా పాటిస్తానన్న ఏర్పాటు నుంచి కూడా తప్పుకుంటున్నానని 2009 ఆగస్టులో తెలియజేసింది.

2025 జనవరిలో మాల్డోవా సంగతి కూడా చూడండి. ఉక్రెయిన్ దారి మూసుకున్నా టర్కీ, రొమేనియాల మీదుగా ట్రాన్స్‌నిస్ట్రియాకి (మాల్డోవా నుంచి విడిపోయామని చెప్పుకునే, రష్యా మద్దతున్న ప్రాంతం) గ్యాస్ పంపే వీలుంది. గాజ్‌ప్రోమ్ పంపలేదు, మాల్డోవా పాత బాకీ కారణం చూపించింది. ఆ బాకీ గాజ్‌ప్రోమ్ లెక్కలో 70.9 కోట్ల డాలర్లు. మాల్డోవా చేయించిన ఆడిట్‌లో 86 లక్షల డాలర్లు. ఒకే బాకీకి రెండు పుస్తకాల్లో ఎనభై రెట్ల తేడా, మధ్యలో ట్రాన్స్‌నిస్ట్రియాలో లక్షల మంది చలికాలంలో హీటింగ్, వేడినీళ్లు లేకుండా ఉండిపోయారు. ఇలాంటి వార్త ఇంకోటి వచ్చినప్పుడు అడిగిన ధర ఎంత అని కాకుండా, బాకీ లెక్క ఎవరు ఆడిట్ చేశారు, వివాదం వస్తే తీర్పు ఎవరు చెప్పాలని రాసుకున్నారు, తీర్పు వచ్చేదాకా సరఫరా సాగాలన్న క్లాజు ఉందా అని వెతకండి. మాల్డోవా, గాజ్‌ప్రోమ్‌లకి మొదటి ప్రశ్న దగ్గరే ఇప్పటికీ పడలేదు.